పాలికిచ్చిన పెట్ట

చిలకలపూడి పేరు చెప్పగానే బయటి ఊళ్లవాళ్లకు గుర్తొచ్చేవి రోల్డుగోల్డు నగలూ, పాండురంగడి గుడీ. ఆ రెండింటి గురించీ రాసినవాళ్లున్నారు. కోళ్ల సంగతి ఎత్తితే మాత్రం మా ఊళ్లో ఎవరైనా నేరుగా సంక్రాంతి బరిలోకే దిగుతారు. ఫలానా ఏడు ఫలానా డేగ కొట్టింది, ఫలానా ఆయన పొలం పోగొట్టుకున్నాడు. ఆ కబుర్లన్నీ పుంజులవి. నిజానికి ఆ జాతిని ఈ నేల మీద నిలబెట్టినవి పెట్టలు, వాటిని పెరట్లో సాకిన ఆడవాళ్లు.

కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ అసీలు కోడికి సొంత ప్రాంతాలుగా గుర్తించిన వాటిలో ఛత్తీస్‌గఢ్, ఒడిశాలతో పాటు మన ఆంధ్రప్రదేశ్ ఉంది. అసీలు అనే మాట కోళ్ల పిచ్చి ఉన్నవాళ్లు వాడేది. ఇళ్లల్లో అది జాతికోడి. ఈక రంగును బట్టి కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల, మైల. పొడుగాటి మెడ, ఒంటికి అంటుకున్న బిగువైన ఈక, నెత్తిన అణిగిపోయిన చిన్న జుట్టు. గుడ్ల కోసం దీన్ని పెంచేవాడు తెలివితక్కువవాడే. ఏడాదికి 30, 40 మించవు. కానీ పొదుగుకొచ్చిందంటే 21 రోజులూ కదలదు. పిల్లలు దిగాక గద్ద నీడ పడితే చాలు, మీదికి ఎగురుతుంది.

మా నాయనమ్మ పొదగేసే ముందు ప్రతి గుడ్డునూ అరచేతిలో తిప్పి చూసేది. మరీ కోలగా ఉన్నవీ, పెంకు గరుకు తేలినవీ వంటింట్లోకి పోయేవి. గంపలో వరిగడ్డి, దాని కింద పేలు పట్టకుండా బూడిద, ఉరుములకు గుడ్లు చెడకుండా ఒక ఇనుప ముక్క. ఇనుప ముక్క ఉరుముల్ని ఏం చేస్తుందో ఆవిడకే తెలియాలి. బూడిద మాత్రం పని చేసేది. వారం దాటాక చీకటి గదిలో గుడ్డును దీపానికి అడ్డం పెట్టి, ఎర్రటి నరాలు కనిపిస్తే మళ్లీ గంపలోకి, లేకపోతే పక్కకి. దిగిన పిల్లలకు నూకలు, కాస్త ఎదిగాక తవుడులో కలిపిన రొయ్యపొట్టు. గిలకలదిండి రేవు దగ్గరుండగా రొయ్యపొట్టుకు కరువేముంది! పుంజును మెచ్చుకుంటే ఆవిడకు నచ్చేది కాదు. “తల్లికి పొగరు లేకపోతే కొడుక్కి ఎక్కణ్ణుంచి వస్తుందిరా?” అనేది.

అందుకే మంచి పెట్టను అమ్మేవాళ్లు కాదు, పాలికిచ్చేవాళ్లు. పెట్ట మనది, సాకుడు వాళ్లది, దిగిన పిల్లల్లో సగం సగం. చూడ్డానికి పేదింటికి చేసే సాయంలా ఉంటుంది గానీ, ఇందులో అంతకంటే ముందుచూపుంది. కొక్కెర తెగులు వచ్చిందంటే వారంలో వీధి వీధంతా ఊడ్చుకుపోతుంది. ఒకే దొడ్లో వంద కోళ్లున్నవాడి వంశం అక్కడితో సరి. అదే పెట్టలు పది ఊళ్లలో ఉంటే ఎక్కడో ఒకచోట గింజ మిగులుతుంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో మనుషుల్నే వేలల్లో మింగింది, కోళ్ల లెక్క ఎవరు రాస్తారు? నాగాయలంక వైపు మా చుట్టాల పెరళ్లు మళ్లీ కూసింది ఇక్కణ్ణుంచి పాలికెళ్లిన పెట్టలతోనే. తర్వాత ఒక ఏడు తెగులుకు మా వీధి ఖాళీ అయితే, ఆ సంతానమే తిరిగొచ్చింది.

ఈ జాతి ఎంత దూరం పోయిందో చెబితే మా వీధిలో నవ్వుతారు. సుమారు రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో మన అసీలును అక్కడి కోళ్లతో కలిపి కార్నిష్ కోడిని తయారుచేశారు. ఇవాళ్టి బ్రాయిలర్‌కు తండ్రి వైపు అదే. బందరు చికెన్ కొట్లో కిలోల లెక్కన తూగేదాని ఒంట్లోనూ జాతికోడి నెత్తురుందన్నమాట, రోషమే పోయింది.

హైదరాబాదు రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధనా సంస్థ నుంచి వనరాజా, గ్రామప్రియ వచ్చాక గుడ్లు పెరిగాయి, కాదనను. కానీ అవి పొదుగుకు కూర్చునే రకాలు కావు. పిల్లలు కావాలంటే మళ్లీ కొనుక్కోవాలి. అంతకంటే నాకు గుబులు పెరూ పుంజులతో. వేగంగా ఎగిరి కొడతాయని వాటితో సంకరం చేస్తున్నారు. ఒక్క పండక్కి గెలిచే పుంజు చాలనుకునేవాడు పెట్ట తరాన్ని పట్టించుకోడు. 1960 జంతుహింస చట్టం, 1974 జూద చట్టం, 2016లో హైకోర్టు ఆదేశం, ఇన్ని ఉన్నా కత్తి కట్టడం ఆగలేదు. కత్తి పందేన్ని నేను వెనకేసుకురాను. పందెం లేకపోతే జాతి ఉండదనే వాదన కూడా ఒప్పుకోను. చిలకముక్కు, పొడుగు తోక కోళ్లను అందం కోసమే పెంచి, పోటీలకు పెట్టేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారుగా!

చిన్న మందలకు ఇవాళ అసలు చిక్కు కొక్కెర తెగులు టీకాతో. వారం పిల్లకు కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద ఆర్‌టూబీ. సీసా మామూలుగా వంద కోళ్లకు సరిపడేలా వస్తుంది. కలిపాక కొద్ది గంటల్లో వాడెయ్యాలి, చల్లగా ఉంచాలి. ఆరు పెట్టలున్న ఇల్లాలు సీసా కొంటే మిగిలిందంతా కాలవపాలే. మా వీధి ఆడవాళ్లు దీనికి పాత పద్ధతే పట్టుకొచ్చారు. ఒకే వారంలో అందరూ పొదగేస్తారు, సీసా డబ్బులు పంచుకుంటారు, తెల్లవారుజామున గంపలెత్తక ముందే ఇల్లిల్లూ తిరిగి వేసేస్తారు. పాలికి తీసుకెళ్లిన పక్క ఊరివాళ్లు కూడా ఆ రోజుకు పిల్లల్ని బుట్టలో పెట్టుకుని వస్తారు. రానివాళ్లకు మర్నాడు పెట్ట దక్కదు.