అర్థం నుంచి మాటకు దారి వేసిన వైద్యుడు

చెప్పదలచుకున్న భావం మనసులో స్పష్టంగానే ఉంటుంది. దానికి సరిపోయే మాటే నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అలాంటప్పుడు మామూలు నిఘంటువు అక్కరకు రాదు. అందులో వెతకాలంటే ముందు ఆ మాట తెలిసి ఉండాలి కదా! ఇంగ్లిషులో ఈ చిక్కు విప్పిన పుస్తకం రోజే థిసారస్. రాసిన పీటర్ మార్క్ రోజే వృత్తిరీత్యా వైద్యుడు. పుస్తకం అచ్చయ్యేనాటికి ఆయనకు 73 ఏళ్ళు.

రోజే 1779 జనవరి 18న లండన్‌లో పుట్టాడు. తండ్రి జెనీవా నుంచి వచ్చిన ప్రొటెస్టంట్ పాస్టరు. పిల్లవాడికి నాలుగేళ్ళప్పుడే ఆయన క్షయతో కన్నుమూశాడు. ఊరి నుంచి ఊరికి మారుతూ సాగిన బాల్యంలో రోజేకి మాటల జాబితాలు రాసుకోవడం అలవాటైంది. పద్నాలుగో ఏట ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరి, పంతొమ్మిదేళ్ళకే వైద్యపట్టా పుచ్చుకున్నాడు.

1804లో మాంచెస్టర్ ఆసుపత్రిలో వైద్యుడిగా కుదిరాడు. రోగుల్ని చూడడంతో పాటు ఉపన్యాసాలు ఇవ్వాలి, వ్యాసాలు రాయాలి. సరైన మాట సమయానికి తట్టడానికి తనకోసం తానే ఒక సాధనం తయారు చేసుకున్నాడు. 1805 నాటికి సుమారు 15 వేల మాటలను భావాల వారీగా విభజించి నోటు పుస్తకంలోకి ఎక్కించాడు. అచ్చు వేయించే ఆలోచన అప్పట్లో లేదు. ఏదైనా రాయడానికి కూర్చున్నప్పుడల్లా అది పక్కన ఉండేది. థిసారస్‌కు తొలి రూపం ఆ నోటు పుస్తకమే.

తరవాతి నలభై ఏళ్ళు ఆయన చేయని పని లేదు. ఘాతాలూ మూలాలూ లెక్కకట్టే కొత్తరకం స్లైడ్ రూల్ తయారుచేసి 1815లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. నిలువు సందుల్లోంచి చూస్తే తిరిగే బండిచక్రం ఆకులు వంగినట్టు ఎందుకు కనిపిస్తాయో 1824లో ఒక పత్రంలో వివరించాడు. సినిమా పుట్టుక గురించి చెప్పేవాళ్ళు ఆ పత్రాన్ని ఇప్పటికీ ప్రస్తావిస్తారు. 1827 నుంచి 1848 దాకా రాయల్ సొసైటీ కార్యదర్శిగా పనిచేశాడు. మధ్యలో దెబ్బలూ తగిలాయి. అండగా నిలిచిన మేనమామ సామ్యూల్ రోమిలీ 1818లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1833లో భార్య చనిపోయింది. మాటల్ని వరసలో పెట్టే ఈ అలవాటే ఆయనకు ఊరటనిచ్చిందని జీవితచరిత్రకారులు రాశారు.

కార్యదర్శి పదవి వదిలాక, డెబ్బయ్యో పడిలో పడుతూ, పాత నోటు పుస్తకం బయటికి తీశాడు. మూడు నాలుగేళ్ళు తెరిపి లేకుండా దానిమీదే కూర్చున్నాడు. 1852లో లాంగ్‌మన్ సంస్థ వెయ్యి ప్రతులు అచ్చువేసింది.

ఈ పుస్తకంలో అసలు కొత్తదనం మాటలు పేర్చిన పద్ధతిలో ఉంది. పర్యాయపదాల పుస్తకాలు ఇంగ్లిషులో అంతకుముందూ ఉన్నాయి. ఇంచుమించు ఒకే అర్థమున్న మాటల మధ్య తేడాలు వివరిస్తూ హెస్టర్ పియోజీ 1794లోనే ఒకటి ప్రచురించింది. రోజే మాత్రం మొక్కల్నీ జంతువుల్నీ శాస్త్రవేత్తలు కుటుంబాలుగా విడదీసినట్టే మాటల్నీ విడదీశాడు. తాను పాటించింది ప్రకృతిశాస్త్ర పద్ధతేనని ఉపోద్ఘాతంలో ఆయనే చెప్పుకున్నాడు. మొత్తం ఆరు వర్గాలు: అమూర్త సంబంధాలు, స్థలం, పదార్థం, బుద్ధి, సంకల్పం, భావోద్వేగాలు. వాటి కింద వెయ్యి శీర్షికలు. మొదటిది ఉనికి, వెయ్యోది గుడి. ఒకదానికొకటి ఎదురైన భావాలను వీలున్నంతవరకు పేజీలో పక్కపక్కనే రెండు వరసల్లో పెట్టాడు.

లైట్ అనే మామూలు మాటనే చూడండి. పదార్థం వర్గంలో అది 420వ శీర్షిక. రే, బీమ్, గ్లీమ్, ఫ్లాష్, బ్లేజ్ లాంటి మాటలన్నీ అక్కడ ఒకచోట చేరాయి. రే అంటే సన్నని కిరణం, ఫ్లాష్ అంటే తటాలున మెరిసి మాయమయ్యేది, బ్లేజ్ అంటే భగభగ మండే వెలుగు. 421 చీకటి, 422 మసక వెలుతురు. అదే లైట్‌కు తేలిక అనే అర్థం కూడా ఉంది. ఆ అర్థంలో అది 320లో, 319వ శీర్షికైన బరువుకు జోడీగా కనిపిస్తుంది. ఒక మాటకున్న నానార్థాలు ఇలా వేరువేరు చోట్లకు చేరితే, ఒక అర్థానికున్న పర్యాయపదాలన్నీ ఒక్కచోటికి వచ్చాయి. శీర్షిక అంకె తెలియకపోయినా, దగ్గరి మాట ఒకటి తెలిస్తే చాలు, చివరనున్న అకారాది సూచిక సరైన చోటికి తీసుకెళుతుంది.

తనకన్నా ముందు ఈ దారిన నడిచినవాళ్ళను కూడా రోజే ఉపోద్ఘాతంలో పేర్కొన్నాడు. అందరికన్నా ముందు చెప్పిన పేరు అమరసింహుడిది. కోల్‌బ్రూక్ ఇంగ్లిషు అనువాదంతో సెరంపూర్‌లో 1808లో అచ్చయిన అమరకోశం రోజేకి తెలుసు. స్వర్గవర్గుతో మొదలై, భూమి, పురం, కొండలు, అడవి అంటూ భావాల వారీగా సాగి, నానార్థాలకు విడిగా ఒక వర్గు కేటాయించిన గ్రంథం అది. మన పెద్దలు బడిలో వల్లెవేసిందీ, గురుబాలప్రబోధిక వ్యాఖ్యతో అర్థం చెప్పుకున్నదీ దాన్నే. ఆ వరవడిలోనే పైడిపాటి లక్ష్మణకవి తెలుగు మాటల్ని వర్గులుగా విడదీసి ‘ఆంధ్రనామసంగ్రహం’ పద్యాల్లో కూర్చాడు. అమరం ధారణకోసం ఛందస్సులో పుట్టింది. రోజే పుస్తకం రాసుకునేవాడి బల్లమీద ఉండడానికి, చేత్తో తిప్పి చూడడానికి పుట్టింది.

రోజే 1869 సెప్టెంబరు 12న, తొంభయ్యేళ్ళ వయసులో కన్నుమూశాడు. అప్పటికే పుస్తకం ఎన్నోసార్లు పునర్ముద్రణ పొందింది. కొడుకు జాన్ లూయిస్ సూచికను బాగా పెంచి 1879లో కొత్త కూర్పు తెచ్చాడు. ఆ తరవాత మనవడు ఆ బాధ్యత తీసుకున్నాడు. గళ్ళనుడికట్టు మోజు మొదలయ్యాక పుస్తకానికి గిరాకీ ఇంకా పెరిగింది. ఈనాడు కంప్యూటర్లో ఒక మాటమీద నొక్కగానే వచ్చే పర్యాయపదాల పట్టికకు ఈ పుస్తకమే పెద్దదిక్కు.

ఇంత కూర్చినా, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య తేడా రోజే ఎక్కడా వివరించలేదు. మాటలు ముందుంచి, ఎంపిక రాసేవాడి వివేకానికి వదిలేశాడు. పట్టికలోంచి బరువైన మాట ఏరి వాక్యంలో ఇరికించేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పర్యాయపదాలు పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకదాని పని ఇంకొకటి చేయదు.

ఇలాంటి పని తెలుగులో ఆధునిక కాలంలోనూ జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా సేకరింపజేసిన వ్యవసాయ పదాలతో 1962లో ‘మాండలిక వృత్తి పదకోశం’ తొలి సంపుటం వచ్చింది, 1971లో చేనేత సంపుటం వచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు వాడే వంటింటి మాటలు, పొలం మాటలు, పనిముట్ల పేర్లు విషయాల వారీగా ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. రోజే పుస్తకం కూడా సొంత అవసరానికి రాసుకున్న అలాంటి నోటు పుస్తకంతోనే మొదలైంది.