రాయ్, ఓటు, ఎన్నిక: హైదరాబాదు పాతబస్తీ ఎన్నికల పదాల చరిత్ర

ఎన్నికల చరిత్ర అనగానే ఎవరు గెలిచారు, ఎవరికి ఎన్ని స్థానాలు వచ్చాయి అన్నదే మనకు ముందుగా గుర్తుకొస్తుంది. ఈ పాఠంలో ఆ లెక్కలు తక్కువ. ఎన్నికల గురించి మాట్లాడుకోవడానికి హైదరాబాదు పాతబస్తీ ప్రజలు వాడే మాటలు ఎక్కడివి, ఎప్పుడు వచ్చాయి, ఎవరి కోసం వచ్చాయి అన్నది మీరు ఇక్కడ తెలుసుకుంటారు.

ఎన్నికల కాలంలో చార్మినార్ నుంచి శాలిబండ వైపు వెళ్లినవారికి గోడల మీద, కరపత్రాల్లో మూడు లిపులు కనిపిస్తాయి. పోటీలో ఉన్న మనిషి తెలుగులో 'అభ్యర్థి', ఉర్దూలో 'ఉమ్మీద్‌వార్', ఇంగ్లీషులో 'క్యాండిడేట్'. మనిషి ఒక్కడే గాని మూడు మాటలూ ఒకే సంగతి చెప్పవు. అభ్యర్థి అంటే వేడుకొనేవాడు. ఉమ్మీద్‌వార్ అంటే ఆశ పెట్టుకున్నవాడు. పాత కచేరీల్లో ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతో కాచుకుని ఉండేవారినీ 'ఉమేదువారు' అనేవారు. క్యాండిడేట్ అన్న మాట తెలుపు అనే అర్థమున్న లాటిన్ పదం నుంచి వచ్చింది. ప్రాచీన రోములో పదవి కోరేవారు తెల్లగా మెరిసే వస్త్రం ధరించి జనం మధ్య తిరిగేవారు. స్పానిష్ వారి 'కాందిదాతో' కూడా ఆ మాటే. మన నాయకుల తెల్ల ఖద్దరుకు ఆ రోమను ఆచారంతో చుట్టరికం లేదు గాని, పోలిక మాత్రం బాగా కుదిరింది.

మాట ముందు, హక్కు తరువాత

అసఫ్‌జాహీ పాలనలో 1880ల నాటికి పారసీ స్థానంలో ఉర్దూ పాలనాభాష అయింది. 1893లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 'కానూన్చా-ఎ-ముబారక్' ద్వారా శాసన మండలి ఏర్పాటుకు వీలు కల్పించాడు. ఆ మండలిలో అధికారులదే ఎక్కువ పాలు. జాగీర్దార్లు, హైకోర్టు వకీళ్లు మాత్రం తమ తరఫున కొద్దిమందిని ఎన్నుకోగలిగారు. 'ఇంతిఖాబ్', 'రాయ్' వంటి మాటలకు ఇక్కడ రాజకీయ పరిధి అంతవరకే. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా, అంటే అనువాద కార్యాలయం, ఉస్మానియా విశ్వవిద్యాలయ బోధన కోసం శాస్త్రాలకు, చట్టానికి, రాజనీతికి ఉర్దూ పారిభాషిక పదాలను సిద్ధం చేసింది. రాజనీతి శాస్త్రాన్ని ఉర్దూలో చదువుకొన్న తరం ఒకటి తయారైంది. వారు చదివిన హక్కులు మాత్రం వారికింకా అందలేదు.

ఈ రెండు మాటలను కొంచెం ఆగి చూడండి. ఇంతిఖాబ్ అరబ్బీ పదం. ఉన్నవాటిలో మేలైనదాన్ని ఏరుకోవడం దాని భావం. ఒక కవి కవితల నుంచి మంచివాటిని ఏర్చి కూర్చిన సంకలనాన్నీ ఉర్దూలో ఇంతిఖాబ్ అనే అంటారు. మన 'ఎన్నిక' కూడా దీనికి దగ్గరిదే. 'ఎన్ను' అంటే లెక్కించు, గణించు, ఎంచు. 'ఎన్నదగినవాడు' అంటే గొప్పవాడు. 'రాయ్' అంటే అభిప్రాయం. ఓటరు 'రాయ్‌దహిందా', అభిప్రాయం ఇచ్చేవాడు. అభిప్రాయం ఇవ్వాలంటే ముందు నీ అభిప్రాయానికి విలువ ఉందని ఎవరో ఒప్పుకోవాలి. నిజాం రాజ్యంలో ఆ ఒప్పుకోలు ఆస్తికి, హోదాకు, వృత్తికి దక్కింది.

నగరపాలనలోనూ అంతే. 1933లో చాదర్‌ఘాట్ పురపాలకాన్ని హైదరాబాదు పురపాలకంలో కలిపి కార్పొరేషన్ ఏర్పరచారు. 1934లో దానికి ఎన్నికలు జరిగాయి. ఆ ఓటు అందరిదీ కాదు. ఆ సంస్థకు ఉర్దూలో ఉన్న పేరు 'బల్దియా'. ఊరు అనే అర్థమున్న అరబ్బీ పదం నుంచి వచ్చింది. నేటికీ తెలుగు పత్రికలు గ్రేటర్ కార్పొరేషన్‌ను బల్దియా అనే రాస్తాయి. రాజ్యం పోయినా మాట నిలిచిందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు.

1937లో దీవాన్ బహదూర్ అరవముదు అయ్యంగార్ అధ్యక్షతన సంస్కరణల సంఘాన్ని నియమించారు. దాని సిఫారసుల ఆధారంగా 1939లో ప్రకటించిన పథకంలో ప్రాతినిధ్యం మనుషులకు కాదు, వర్గ ప్రయోజనాలకు. జాగీర్దార్లకు కొన్ని స్థానాలు, పట్టాదార్లకు కొన్ని, వర్తకులకు, పట్టభద్రులకు, వకీళ్లకు కొన్ని. సభలో ఎన్నికైన సభ్యులు సగానికి తక్కువ. యుద్ధం పేరుతో పథకం ఆగిపోయింది. 1946లో దాన్ని మార్చి తిరిగి తెచ్చినప్పుడు స్టేట్ కాంగ్రెస్ బహిష్కరించింది.

ఇదే కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలవారు 1920 నుంచి పరిమితంగానైనా ఓటు వేస్తున్నారు. 1937లో అక్కడ కాంగ్రెస్ వారి పసుపు పెట్టె ప్రచారం బాగా సాగింది. అందుకే కోస్తా పల్లెల్లో 'ఓటు' అనే మాట హైదరాబాదు కంటే ముందే వాడుకలోకి వచ్చింది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: 1939 పథకంలో ప్రాతినిధ్యానికి ఆధారం ఏమిటి? 'రాయ్' అనే పదం అర్థానికీ ఆ పథకానికీ గల సంబంధాన్ని మీ మాటల్లో రాయండి.

తలల లెక్క

1951-52 సాధారణ ఎన్నికల్లో హైదరాబాదు రాష్ట్ర ప్రజలకు తొలిసారి వయోజన ఓటు హక్కు వచ్చింది. 21 ఏళ్లు నిండితే చాలు. శాసనసభలో 175 స్థానాలు. 'పోలింగ్' అనే ఇంగ్లీషు మాటలోని 'పోల్' ఒకప్పుడు తలకు పేరు. తలసరి అన్నప్పుడు మనం ఏ లెక్క చెబుతామో పోలింగ్ కూడా అదే లెక్క. జాగీర్దారు తల ఒకటి, అతని ఇంటి పనివాడి తల ఒకటి. రాయ్ నుంచి పోలింగ్‌కు వచ్చిన దూరాన్ని మీరు ఇక్కడ కొలవవచ్చు.

అప్పట్లో దేశంలో అక్షరాస్యత సుమారు 18 శాతం. హైదరాబాదు రాష్ట్రంలో ఇంకా తక్కువ. అందువల్ల ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. కాంగ్రెస్ గుర్తు కాడి కట్టిన జోడెద్దులు. ఓటరు తనకిచ్చిన కాగితాన్ని ఇష్టమైన గుర్తున్న పెట్టెలో వేయాలి. ఆ ఎన్నికలకు ఇనుప పెట్టెలు చేసిన సంస్థల్లో మన ఆల్విన్ మెటల్ వర్క్స్ కూడా ఉంది. తెలుగులో ఓటు 'వేస్తాం', పాతబస్తీ ఉర్దూలో ఓటు 'డాల్తే'. రెండు క్రియల్లోనూ పెట్టె కనిపిస్తుంది. తరువాత యంత్రం వచ్చింది; దాన్ని తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటైన ఇ.సి.ఐ.ఎల్. హైదరాబాదుదే. బటన్ నొక్కుతున్నా ఓటు వేశామనే అంటాం.

1952లో శాలిబండ నుంచి గెలిచినవారు కాంగ్రెస్ అభ్యర్థి మాసూమా బేగం. 1957లో ఆమె పత్తర్‌గట్టి నుంచి ఎన్నికయ్యారు, 1960లో మంత్రి అయ్యారు. పరదా పాటించే కుటుంబాలు ఎక్కువగా ఉన్న వీధుల్లో ఒక స్త్రీ ఉమ్మీద్‌వార్‌గా నిలబడి గెలవడం చిన్న విషయం కాదు. 1962లో అదే పత్తర్‌గట్టిలో ఆమెపై మజ్లిస్ నాయకుడు సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీ గెలిచారు. ఆ తరువాతి పాతబస్తీ రాజకీయాలు మీకు కొంత తెలిసినవే. మజ్లిస్ గుర్తు ఉర్దూలో 'పతంగ్', తెలుగులో గాలిపటం. బొమ్మకు అనువాదం అక్కరలేదు.

ఏ మాట మిగిలింది?

1949లో మొదలైన 'సియాసత్' వంటి ఉర్దూ పత్రికల్లో మీరు ఇప్పటికీ 'రాయ్‌దహీ', 'రాయ్‌దహిందగాన్', 'హల్కా' చూస్తారు. హల్కా అంటే వలయం, నియోజకవర్గం. వీధిలో మాత్రం ఉర్దూ మాట్లాడేవారూ తెలుగువారూ 'ఓటు' అనే అంటారు. హిందీలోని 'మత్‌దాన్' తెలుగులోకి రాకపోవడమే మేలైంది. మతం అంటే మనకు ముందు తోచేది వేరు. మతదానం చేయండి అని పాతబస్తీ గోడ మీద రాస్తే ఏమయ్యేదో ఊహించండి. స్పానిష్‌లో 'వోతో' అంటే ఓటు, మొక్కు కూడా. ఇంగ్లీషు ఓటుకూ మూలం ఆ లాటిన్ మొక్కే. మనం అర్థాన్ని వదిలి ధ్వనిని మాత్రమే తెచ్చుకున్నాం. బహుశా అందుకే ఆ మాట ఎవరి సొత్తూ కాలేదు.

ఇంతవరకు చెప్పింది భాషా విశేషమే అనిపించవచ్చు. ఓటర్ల జాబితా దగ్గరికి వస్తే విషయం మారుతుంది. ఉర్దూలో రాసుకొనే పేరు ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి తెలుగులోకి వెళ్తుంది. 'ఖాద్రీ' ఇంగ్లీషు స్పెల్లింగు మీదుగా 'క్వాద్రి' కావచ్చు. ఉర్దూ లిపిలో మన 'ళ', 'ణ' లేవు కనుక కళావతి అక్కడ కలావతి, వేణు అక్కడ వేను. గుర్తింపు కార్డులో ఒకటి, జాబితాలో మరొకటి ఉంటే పోలింగ్ కేంద్రంలో వాదన తప్పదు. ఫారం 8 ద్వారా సవరణ కోరవచ్చు; అదీ ఎన్నికలకు ముందే చేయాలి.

అనువాదానికే నోచుకోని మాట ఒకటుంది: 'టెండర్ ఓటు'. మీరు కేంద్రానికి వెళ్లేసరికి మీ పేరుతో మరొకరు ఓటు వేసి ఉంటే, మీరే అసలు ఓటరని ప్రిసైడింగ్ అధికారికి నిరూపించుకొని టెండర్ ఓటు అడగవచ్చు. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో ఈ హక్కు ఉంది. యంత్రం మీద కాదు, కాగితం మీద ఓటు ఇస్తారు. దాన్ని విడిగా కవరులో భద్రపరుస్తారు. మామూలు లెక్కింపులో అది కలవదు గాని, ఫలితంపై కోర్టులో వివాదం వస్తే సాక్ష్యమవుతుంది. పేరు పోయిందని తెలిసి వెనుదిరిగేవారిలో చాలామందికి ఈ మాట తెలుగులోనూ తెలియదు, ఉర్దూలోనూ తెలియదు. మీ ఇంట్లో, మీ వీధిలో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.