మలక్‌పేట నుంచి నల్గొండ దాకా: మెనొనైట్ మిషనరీ దంపతులు

1904లో జె. హెచ్. పాంక్రాట్జ్, మరియా అనే అమెరికన్ దంపతులు మలక్‌పేటలో మిషన్ స్టేషన్ పెట్టారు. హైదరాబాద్ రాజ్యంలో అమెరికా మెనొనైట్ బ్రదరెన్ మిషన్‌కు అదే తొలి స్టేషన్. మూసీకి దక్షిణపు ఒడ్డున, పాత నగరానికి తూర్పున ఉన్న ఈ పేటకు అప్పటికి రెండు ముఖాలుండేవి. ఒకవైపు నవాబుల వైభవం: 1885లో సర్ ఆస్మాన్ జా గుట్ట మీద కట్టించిన ఆస్మాన్‌గఢ్, మౌలాలి నుంచి ఆరో నిజాం తరలించిన గుర్రప్పందాల మైదానం, ఆయనదే మహబూబ్ మాన్షన్. ఇంకోవైపు తూర్పు పల్లెల నుంచి ధాన్యమూ జనమూ పట్నంలోకి దిగే నల్గొండ బాట. నేటికీ అక్కడి కూడలిని నల్గొండ క్రాస్‌రోడ్స్ అనే అంటారు. మిషనరీలకు కావలసింది ఈ రెండో ముఖమే.

ఆ బాటకు అవతలి కొసన, మలక్‌పేటకు వంద కిలోమీటర్ల దూరంలో, పాంక్రాట్జ్ దంపతుల కన్నా ముందే మరో జంట కాపురం పెట్టింది. వాళ్ళు అబ్రహాం ఫ్రీసెన్, మరియా. నాడు రష్యా సామ్రాజ్యంలో, నేడు ఉక్రెయిన్‌లో ఉన్న జర్మన్ మాట్లాడే రైతు గ్రామాల నుంచి 1889లో బయల్దేరిన వాళ్ళు. ఈ రెండు జంటల మూలం ఒక్కటే. మెనొనైట్లు అంటే 16వ శతాబ్దంలో హాలండ్, జర్మనీ ప్రాంతాల్లో పుట్టిన క్రైస్తవ శాఖ. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, ఆయుధం పట్టరు. ఈ రెండు పట్టుదలల వల్ల ఎక్కడా కుదురుగా ఉండలేక, 18వ శతాబ్దం చివర కేథరిన్ రాణి పిలుపు మీద రష్యా దక్షిణ మైదానాలకు వలసపోయారు. 1860లో మొలోచ్నా గ్రామాల్లో వారిలోంచే మెనొనైట్ బ్రదరెన్ అనే కొత్త సంఘం చీలింది. 1870లలో సైనిక సేవ తప్పదన్న భయం కమ్ముకోగానే వేలమంది అమెరికాలోని కాన్సాస్, మినెసోటా వంటి రాష్ట్రాలకు తరలిపోయారు. రష్యాలో మిగిలినవారూ అమెరికాకు చేరినవారూ బంధువులే. కాబట్టి మలక్‌పేట, నల్గొండ మిషన్లు సముద్రాలు దాటి వచ్చి కలుసుకున్న ఒకే చుట్టరికం.

అప్పటికి తెలుగు నేలలో అమెరికన్ బాప్టిస్టులు పాతకాపులు. వారి తొలి మిషనరీ శామ్యూల్ డే, భార్య రోయెనా 1835 సెప్టెంబరులో బోస్టన్‌లో ఓడెక్కి, ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి, 1836 ఫిబ్రవరిలో కలకత్తాలో దిగారు. నెల్లూరులో స్థిరపడేసరికి 1840 వచ్చింది. చాలా ఏళ్ళు అక్కడి పని ఎంత మందకొడిగా సాగిందంటే, దాన్ని మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1876-78 కరువు తరువాత కథ మారింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని కల్పించాడు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ వార్త ఐరోపా బాప్టిస్టు పత్రికల్లోనూ బడుల్లోనూ పాకింది. జర్మనీలోని హాంబర్గ్ బాప్టిస్టు సెమినరీలో చదువుతున్న ఫ్రీసెన్‌కు తెలుగువాళ్ళ సంగతి తెలిసింది ఆ బడిలోనే.

వెళ్ళాలనుకోవడం వేరు, వెళ్ళడం వేరు. విదేశాలకు సొంతంగా మిషన్ సంస్థ నడుపుకునే వీలు ఆనాటి రష్యాలో మెనొనైట్లకు లేదు. దానికి ఫ్రీసెన్ కుదిర్చిన ఏర్పాటు తెలివైనది. మనుషులు, డబ్బు రష్యా సంఘాలవి. పేరు, పాలన, భారతదేశంలో పరపతి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ యూనియన్‌వి. ఇద్దరూ విశ్వాసుల బాప్తిస్మాన్నే, అదీ నీళ్ళలో ముంచి ఇచ్చేదాన్నే, పాటించేవారు కనుక సిద్ధాంతపరంగా పెద్ద పేచీ లేదు. మెనొనైట్లకు ప్రాణప్రదమైన ఆయుధ నిరాకరణ మాత్రం ఈ ఒప్పందంలో పక్కకు జరిగింది. తెలుగు పల్లెల్లో దాన్ని గట్టిగా బోధించారనడానికి ఆధారం తక్కువ. చరిత్రకారులు దీన్ని లోటుగానే లెక్కిస్తారు, అందులో న్యాయం ఉంది.

ప్రొటెస్టంటు మిషన్లు పెళ్ళైన జంటలనే ఎక్కువగా ఎంచుకునేవి. కారణం ఒంటరితనం ఒక్కటే కాదు. బంగళా అంటే ఇల్లు మాత్రమే కాదు, అదొక సంస్థ. అందులో బోర్డింగు పిల్లల వంటశాల, మందుల అలమారా, కుట్టుపని తరగతి, వచ్చేపోయే బోధకులకు అన్నం, అన్నీ దొరసాని చేతి మీదుగా నడవాలి. జీతం మాత్రం భర్త పేరున వచ్చేది. భార్యకు వేరుగా పదవీ ఉండేది కాదు, నివేదికలో చాలాసార్లు పేరూ ఉండేది కాదు. మరియా ఫ్రీసెన్, మరియా పాంక్రాట్జ్ చేసిన పనిలో సగం అలా లెక్కలోకి రాకుండానే పోయింది.

ప్రయాణం మాత్రం డే దంపతుల కాలం కన్నా ఎంతో తేలికైంది. 1869లో సూయజ్ కాలువ తెరవడంతో నెలల ప్రయాణం వారాలకు తగ్గింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు పడ్డాక బొంబాయిలో దిగినవారు రైలు మీదే హైదరాబాద్ చేరగలిగారు. సికింద్రాబాదులో 1875 నుంచే బాప్టిస్టు మిషనరీ డబ్ల్యు. డబ్ల్యు. క్యాంప్‌బెల్ కుటుంబం ఉండేది. కొత్తవారికి నీడ దొరికేది అక్కడే. రైలు సౌఖ్యం ఆ ఊరితో సరి. నల్గొండకు రైలుదారి పడడానికి ఇరవయ్యో శతాబ్దం సగం దాటాల్సి వచ్చింది. మంచాలు, దోమతెరలు, పెట్టెలు, పుస్తకాలు, పిల్లలు అన్నీ ఎడ్లబండ్ల మీదే కదిలేవి. ఎండాకాలంలో పగలు విడిది, రాత్రి నడక.

తెలుగు నేర్చుకోవడంతోనే అసలు తయారీ మొదలయ్యేది. సెమినరీలో గ్రీకు, వేదాంతం నేర్చినవారికి ఇక్కడ మున్షీ దగ్గర అ ఆలు దిద్దక తప్పేది కాదు. మెనొనైట్లు ఇంట్లో మాట్లాడేది పల్లె జర్మన్, గుడిలో పుస్తకాల జర్మన్, రష్యాలో దొరతనం భాష రష్యన్. తెలుగు నేర్చుకోవడానికి దొరికిన పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉండేవి కనుక ముందు ఇంగ్లిష్ పట్టు సాధించాలి. సి. పి. బ్రౌన్ నిఘంటువు, 1873లో బందరు మిషనరీ ఏ. హెచ్. ఆర్డెన్ రాసిన వ్యాకరణం అప్పటి మిషనరీలందరికీ ఆధారం. ఆ పుస్తకాలు కోస్తాలో తయారైనవి. నల్గొండ జిల్లా రైతు నోట వినపడేది ఉర్దూ కలిసిన మరో యాస. కచేరీ కాగితాలు 1880ల నుంచీ ఉర్దూలోనే నడిచేవి. మలక్‌పేట వంటి పట్నపు శివారులో బజారు మాట కూడా ఉర్దూయే. కాబట్టి కోస్తాకు వెళ్ళిన మిషనరీకి సరిపోయిన చదువు నిజాం రాజ్యంలో సగం అక్కరకే వచ్చేది.

ఈ కొరత తీర్చినవాళ్ళు తెలుగు బోధకులు. నెల్లూరు జిల్లా రామాపట్నంలో బాప్టిస్టు సెమినరీ 1870ల నుంచీ పనిచేస్తోంది. అక్కడ చదివినవారు, కోస్తా జిల్లాల్లో బాప్తిస్మం పొందిన మాల, మాదిగ కుటుంబాలవారు పని వెతుక్కుంటూ, చుట్టాల వెంట నిజాం రాజ్యంలోకి వచ్చేవారు. కొత్త దొర ఊళ్ళో నోరు విప్పే ముందే వీళ్ళు వాడలో కబురు చేరవేసేవారు. కష్టకాలంలో ఎవరిని నమ్మాలో, పటేల్‌తో ఎలా మాట్లాడాలో, ఏ పండుగ నాడు ఊరికి వెళ్ళకూడదో కొత్త దంపతులు నేర్చుకున్నది వీళ్ళ దగ్గరే. ఆడవాళ్ళ దగ్గరకు చేరేది ‘బైబిల్ స్త్రీ’ అనే సంఘ సేవిక. అమెరికా పత్రికల్లో దొరల ఫొటోలు అచ్చయ్యాయి. పల్లెల్లో సంఘం పుట్టడానికి కారణం మాత్రం ఎక్కువగా ఈ మనుషులే.

భూమి మరో చిక్కు. నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియా కాదు. విదేశీయులు స్థలం సంపాదించాలంటే నిజాం ప్రభుత్వ అనుమతి కావాలి. మూసీ ఆవలి ఒడ్డున, నేటి కోఠీలో ఉన్న రెసిడెన్సీ సిఫారసు తోడైతే పని సులువయ్యేది. నల్గొండలో ఫ్రీసెన్ దంపతులు 1890 నుంచి పని సాగించి బంగళా, బడి, గుడి కట్టించారు. 1890ల చివర సెలవు మీద రష్యా వెళ్ళి కొత్తవారిని కూడగట్టారు. సూర్యాపేటకు అబ్రహాం హ్యూబర్ట్, కాథరీనా దంపతులు చేరారు. జనగామ, భువనగిరి, మహబూబ్‌నగర్ వైపు మరికొందరు రష్యా మెనొనైట్లు వచ్చారు. అనారోగ్యం వల్ల ఫ్రీసెన్ దంపతులు 1908లో ఇండియా విడిచి వెళ్ళిపోయారు.

అమెరికా మెనొనైట్లు మొదట ఫ్రీసెన్‌కు డబ్బు పంపుతూ వచ్చారు. తరువాత సొంత మిషన్ పెట్టాలనుకున్నారు. 1899లో మినెసోటాలోని మౌంటెన్ లేక్ నుంచి ఎన్. ఎన్. హీబర్ట్, సూసీ దంపతులు వచ్చారు. రెండేళ్ళు తిరగక ముందే, 1901లో, ఆరోగ్యం చెడి తిరిగి వెళ్ళిపోవలసి వచ్చింది. మిషన్ చరిత్రల్లో ఇలాంటి జంటలను ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. కానీ మిషనరీ జీవితం ఎలా మొదలయ్యేదో తెలుసుకోవడానికి ఇంత కన్నా నిజమైన ఉదాహరణ లేదు. మలేరియా, కలరా, మశూచి కొత్తవారిని వయసు చూడకుండా పట్టేవి. తరువాత నాగర్‌కర్నూల్‌లో పని ప్రారంభించిన డి. ఎఫ్. బెర్గ్‌తోల్డ్ భార్య టీనా ఈ దేశానికి వచ్చిన కొద్దికాలానికే చనిపోయింది. హీబర్ట్ మాత్రం అమెరికాలో కూర్చునే దశాబ్దాల పాటు మిషన్ బోర్డు వ్యవహారాలు చూశాడు. ఎవరిని పంపాలో, ఎంత డబ్బు పంపాలో నిర్ణయించేటప్పుడు ఆ రెండేళ్ళ అనుభవం ఆయనకు అక్కరకొచ్చే ఉండాలి.

పాంక్రాట్జ్ దంపతులు 1902లో వచ్చి, భాష నేర్చుకుని, 1904లో మలక్‌పేటలో కుదురుకున్నారు. బాప్టిస్టుల పొలిమేరల్లోకి పోకుండా హైదరాబాదుకు నైరుతిగా, దక్షిణంగా ఉన్న తాలూకాలను అమెరికా మెనొనైట్లు తమ వంతుగా ఎంచుకున్నారు. నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, శంషాబాద్ స్టేషన్లు తర్వాతి దశాబ్దాల్లో వచ్చాయి. ఆ పల్లెలకు పోయే దారులు పట్నం నుంచే మొదలవుతాయి కనుక మలక్‌పేట వారికి ముంగిలి అయింది. బ్యాంకు, తపాలా, రైలు, వైద్యుడు అన్నీ మూసీ వంతెన దాటితే దొరికేవి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి దాదాపు 15,000 మందిని మింగి, వంతెనలను దెబ్బతీసినప్పుడు నది ఇవతలి ఒడ్డున ఉండడమంటే ఏమిటో పట్నమంతా చూసింది. పాంక్రాట్జ్ దంపతులు దాదాపు నాలుగు దశాబ్దాలు ఈ దేశంలోనే పనిచేశారు.

మిషన్ పని చలికాలంలో పల్లెల్లో, ఎండాకాలంలో కొండల మీద సాగేది. డిసెంబరు, జనవరి నెలల్లో డేరాలు బండికెత్తి ఊరూరా క్యాంపు. చింతతోపులో డేరా, పొద్దున వాడలో బోధ, మధ్యాహ్నం డేరా ముందు మందుల కోసం బారు తీరిన జనం, చీకటి పడ్డాక లాంతరు వెలుగులో పాటలు. మేలో కోడైకెనాల్. 1901లో అక్కడ మిషనరీల పిల్లల కోసం అమెరికన్లు బడి పెట్టారు. పిల్లలను ఏడాదిలో చాలా నెలలు అక్కడే వదిలి రావడం తల్లులకు అన్నిటి కన్నా బరువైన పని. పెళ్ళి లేకుండా ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళకు ఈ బాధ ఉండేది కాదు. పైగా వాళ్ళకు సొంత పదవి ఉండేది. 1907లో వచ్చిన డాక్టర్ కాథరీనా షెలెన్‌బెర్గ్ తర్వాత శంషాబాద్ ఆసుపత్రికి పెద్దదిక్కై, 1945 జనవరి 1న ఇక్కడే కన్నుమూసింది. ఆమె పని ఆమె పేరు మీదే నమోదైంది. పెళ్ళైన మిషనరీ స్త్రీలకు ఆ పాటి గుర్తింపు కూడా దొరకలేదు.

మలక్‌పేట స్టేషన్ మొదలవడానికి ఏడాది ముందు ఇదే తంతు ఎదురు దిక్కున కూడా జరిగింది. 1903లో నెల్లూరు తెలుగు బాప్టిస్టుల హోం మిషన్ సొసైటీ జాన్ రంగయ్యను, భార్య కనకమ్మను, పిల్లలతో సహా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు మిషనరీలుగా పంపింది. అక్కడి చెరకు, తేయాకు తోటల్లో 1860 నుంచీ మద్రాసు ఓడల మీద చేరిన ఒప్పంద కూలీల్లో తెలుగు క్రైస్తవులు ఉండేవారు. పాస్టరు కావాలని వాళ్ళే కబురంపారు. ఆ జూన్‌లో దర్బన్‌లో దిగిన రంగయ్య డిసెంబరుకల్లా కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘాన్ని నెలకొల్పాడు. ఫ్రీసెన్ వెనుక సంపన్న రైతుల సంఘాలున్నాయి. పాంక్రాట్జ్ వెనుక కాన్సాస్, మినెసోటా రాష్ట్రాల రైతులున్నారు. రంగయ్య దంపతులకు దన్నుగా నిలిచినది చాలావరకు పేద తెలుగు సంఘాల చందాలే. అయినా వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది: దిగిన చోట తమ భాషే మాట్లాడేవాళ్ళున్నారు. రంగయ్య 1915లో అక్కడే మరణించాడు.

1914లో ఐరోపా యుద్ధం, 1917లో రష్యా విప్లవం వచ్చాక నల్గొండ వైపు డబ్బు వచ్చే దారి మూసుకుపోయింది. సొంత ఊళ్ళే కరువుతో, దాడులతో నాశనమవుతుంటే రష్యా మెనొనైట్లు పరదేశ మిషన్‌ను పోషించే స్థితిలో లేరు. వారి స్టేషన్లు పూర్తిగా బాప్టిస్టుల చేతికి వెళ్ళాయి. నల్గొండ, సూర్యాపేట, జనగామల్లోని పాత సంఘాలు బాప్టిస్టు సంఘాలుగా మిగలడానికి కారణం ఇదే. అమెరికా మెనొనైట్లకు ఆ దెబ్బ తగలలేదు. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల ప్రాంతాలు బాప్టిస్టుల నుంచి వారికి చేరాయి.

స్వాతంత్ర్యం తరువాత కొత్తగా దంపతులు రావడం తగ్గింది, వీసాలు దొరకడం కష్టమైంది. ఆఖరి తరంలో శంషాబాద్‌లో మిషనరీ ఇంట పుట్టిన పాల్ హీబర్ట్ భార్య ఫ్రాన్సిస్‌తో తిరిగి వచ్చి 1960ల మొదట్లో ఇక్కడ పనిచేశాడు. మిషనరీగా కన్నా మానవశాస్త్రజ్ఞుడిగా ఆయనకు ఎక్కువ పేరుంది. తెలంగాణ పల్లె మీద ఆయన రాసిన ‘కొండూరు’ 1971లో అచ్చయింది. 1970ల నాటికి మెనొనైట్ మిషనరీలు దాదాపుగా వెళ్ళిపోయారు. గుళ్ళు, బడులు, శంషాబాద్ బైబిల్ కళాశాల, జడ్చర్ల ఆసుపత్రి తెలుగు సంఘాల పాలనలోకి వచ్చాయి.