బండ్లమొట్టు సీసం

మన వినుకొండ వైపు కొండల్లో లోహాల కోసం తవ్విన గోతులు చాలా పాతవి. బండ్లమొట్టులో సీసం, నల్లకొండలో రాగి, ధూకొండలో ఆ రెండూ ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపి అగ్నిగుండాల ఖనిజ ప్రాంతం అంటారు.

ఇవి కడప బేసిన్‌కు చెందిన శిలలు, వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. విలియం కింగ్ 1872లో ఈ శిలాశ్రేణుల మీద పెద్ద గ్రంథమే ప్రచురించాడు. బండ్లమొట్టులో సీసపు ఖనిజం గలీనా డోలమైట్ పొరల్లోనూ, వాటి పగుళ్లలోనూ దొరికింది. గలీనాను గుర్తుపట్టడం తేలిక: ఉక్కులా మెరుస్తుంది, కొడితే చిన్న చిన్న ఘనాలుగా విరుగుతుంది, మామూలు రాయికి దాదాపు మూడు రెట్లు బరువు. అందులో 86 శాతం సీసమే. గలీనాలో వెండి ఉన్నా కంటికి కనబడదు. సీసాన్ని కరిగించి శుద్ధి చేసేటప్పుడే అది బయటపడుతుంది.

తరువాత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ ఇక్కడ అన్వేషణ జరిపింది. హిందుస్థాన్ జింక్ గని నడిపింది. గనిని నమ్ముకుని ఎన్నో కుటుంబాలు బతికాయి. కానీ ఇలాంటి చిన్న నిక్షేపాలకు ఆయుష్షు తక్కువ. లోతుకు వెళ్లేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, లోహం ధర పడితే గిట్టదు. చివరికి గని మూతపడింది.

గని పోయినా దాని చరిత్ర పోకూడదు. ఎవరి ఇంట్లోనైనా ఆ బరువైన మెరుపురాయి ఉంటే మన బడి ప్రయోగశాలకు ఇవ్వండి. సీసం విషం కనుక గాజుపెట్టెలో ఉంచి, కింద ఊరి పేరు రాద్దాం.