ఒంటరి చదువు నుంచి స్త్రీ సమాజం దాకా: భండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’

ఉపోద్ఘాతం:

పుస్తకం మనిషికి తోడు అనే మాట తరచుగా వినబడుతుంది. ఆ తోడు ఏ రూపంలో లభిస్తుంది, ఎవరికి లభిస్తుంది, ఎవరికి లభించదు అనే ప్రశ్నలు మాత్రం సాహిత్య చరిత్రలో అరుదుగా చర్చకు వస్తాయి. తెలుగులో ఈ ప్రశ్నలను పరిశీలించడానికి భండారు అచ్చమాంబ (1874-1905) జీవితం, ఆమె రచించిన ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ తగిన ఆధారాలు. ఇంట్లో ఒంటరిగా చదువుకున్న ఒక స్త్రీ, తనవంటి వారికి చరిత్రలో తోడు వెదికి, ఆ తోడును సమకాలీన సమాజంలోకి తీసుకువచ్చిన క్రమాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చదువు తెచ్చిన ఒంటరితనం:

1901 జనాభా లెక్కల నాటికి దేశంలో అక్షరాలు నేర్చిన స్త్రీలు నూటికి ఒకరు కూడా లేరు. చదువు రాని స్త్రీలందరూ సాహిత్యానికి దూరంగా ఉన్నారని దీని అర్థం కాదు. తిరగలి దగ్గర, రోటి దగ్గర, నాట్లలో, పెళ్లిపందిళ్లలో వారికి పాట ఉండేది. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునే పాటలో కష్టం చెప్పుకోవడానికీ, వినేవారు ఉన్నారనే ధైర్యానికీ చోటుండేది.

అచ్చు పుస్తకం చదవడం దీనికి భిన్నమైన పని. అది ఒక్కరే, మౌనంగా చేసేది. చదువుకున్న స్త్రీకి తాను చదివినదాన్ని పంచుకునే మరో స్త్రీ ఇంట్లో గానీ ఇరుగుపొరుగున గానీ దొరకడం కష్టం. చదివితే భర్తకు ఆయుక్షీణమనీ, కాపురం చెడుతుందనీ వ్యాపించిన నమ్మకాలు ఆమెను మరింత దూరంగా నిలబెట్టాయి. ఈ స్థితి తెలుగునాటికే పరిమితం కాదు. బెంగాల్‌లో రాససుందరీ దేవి వంటింట్లో రహస్యంగా అక్షరాలు కూడబలుక్కున్న తీరును తన ఆత్మకథ ‘ఆమార్ జీబన్’లో నమోదు చేసింది. అంటే, స్త్రీకి చదువు మొదట తోడుగా కాక, ఒక కొత్త ఒంటరితనంగానే ఎదురైంది.

అచ్చమాంబ చదువు:

అచ్చమాంబ కృష్ణా జిల్లా నందిగామ ప్రాంతంలో జన్మించింది. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయింది. ఊహ తెలియని వయసులోనే భండారు మాధవరావుతో వివాహం జరిగింది. ఆయన ఉద్యోగరీత్యా ఆమె జీవితం ఎక్కువగా మధ్యపరగణాలలో, తెలుగుదేశానికి దూరంగా గడిచింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు నాగపూరులో ఆమె ఇంట ఉండి చదువుకున్నాడు. అతని విద్యాభ్యాసమే ఆమెకు ద్వారమైంది. పాఠశాలకు వెళ్లకుండానే తెలుగుతోపాటు హిందీ, మరాఠీ మొదలైన భాషలను నేర్చుకుంది. కన్నబిడ్డలు దక్కని దుఃఖాన్ని కూడా ఆమె ఈ కాలంలోనే అనుభవించింది.

ఈ పరిస్థితుల్లో ఆమె చేపట్టిన రచన గమనింపదగినది. ఆమె స్వీయచరిత్ర రాయలేదు. తన దుఃఖాన్ని విలాపకావ్యంగానూ మలచలేదు. ఇతర స్త్రీల జీవితాలను సేకరించడానికి పూనుకుంది. తెలుగు పుస్తకాలు అరుదైన ప్రాంతంలో ఉండడం లోటే అయినా, అక్కడ నేర్చిన ఇతర భాషలు దేశంలోని అనేక ప్రాంతాల స్త్రీల కథలను ఆమెకు దగ్గర చేశాయి.

రత్నమాల: విడి పూసల నుంచి దండ వరకు

‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగం 1901లో గ్రంథరూపంలో వెలువడింది. అచ్చమాంబ దీనిని మూడు భాగాలుగా సంకల్పించింది. మొదటిది భారతదేశ చరిత్రలోని స్త్రీలకు, రెండవది వేద పురాణాలలోని స్త్రీలకు, మూడవది విదేశీ స్త్రీలకు ఉద్దేశించినవి. స్త్రీలు స్వభావంచేతనే బలహీనులనీ, వివేకం లేనివారనీ, వారికి విద్య హానికరమనీ చేసే వాదాలను ఉదాహరణలతో ఖండించడం ఆమె ప్రకటించిన ఆశయాలలో ముఖ్యమైనది.

అంతకుముందు తెలుగులో స్త్రీల కోసం రచనలు లేకపోలేదు. కందుకూరి వీరేశలింగం ‘సతీహితబోధిని’ పత్రికను 1883లో ప్రారంభించాడు. ‘సత్యవతీ చరిత్రము’ వంటి రచనలూ చేశాడు. రాయసం వెంకటశివుడు ‘తెలుగు జనానా’ను నడిపాడు. ఇవి విలువైన కృషి. అయితే వీటిలో ప్రధానంగా వినిపించేది సంస్కర్త అయిన పురుషుడు స్త్రీకి చేసే హితబోధ. అచ్చమాంబ గ్రంథంలో రాసేదీ స్త్రీయే, రాయబడేదీ స్త్రీయే, చదవవలసినదిగా ఊహించబడినదీ ప్రధానంగా స్త్రీయే. బోధ స్థానంలో బంధుత్వం వచ్చింది.

ఆమె చిత్రించిన వారిలో ఖన ఒకతె. జ్యోతిషంలో మామగారిని మించిన పాండిత్యం చూపినందుకు ఆమె నాలుక కోయబడిందని బెంగాలీ జనశ్రుతి. చదువుకున్నందుకు ఇంట్లో మాటలు పడుతున్న పాఠకురాలికి ఈ కథ ఓదార్పు ఇచ్చేది కాదు, భయం పుట్టించేది. అయినా ఇందులో ఒక తోడు ఉంది. తనకు ఎదురైన శత్రుత్వం తన దోషంవల్ల కలిగినది కాదనీ, జ్ఞానం గల స్త్రీలకు అది పూర్వం నుంచీ ఎదురవుతున్నదేననీ ఆ కథ తెలుపుతుంది. పాఠకురాలి ఒంటరితనాన్ని తగ్గించేది తీపి మాట కాదు, ఈ గుర్తింపు.

గ్రంథనామం కూడా అర్థవంతమైనది. ‘అబల’ అంటే బలం లేనిది. లోకం పెట్టిన ఆ పేరునే తీసుకొని, దాని పక్కన సచ్చరిత్రను నిలిపింది రచయిత్రి. అలాగే, పండితురాలైన స్త్రీ కనిపించినప్పుడు ఆమెను ‘ఎక్కడో ఒకతె’ అని తోసివేయడం విద్యావిరోధుల సులభ మార్గం. విడి పూసను తోసివేయవచ్చు. అదే పూసను దండలో గుచ్చితే దానికి ముందూ వెనుకా మరికొన్ని నిలుస్తాయి. ఒక్కొక్క మినహాయింపును వరుసగా కూర్చి వంశక్రమంగా చూపడమే రత్నమాల సాధించిన పని.

పుస్తకం నుంచి సమాజానికి:

చరిత్రలోని స్త్రీలు ఇచ్చే తోడు ఊహాత్మకమైనది. దానితో అచ్చమాంబ తృప్తి పడలేదు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించింది. ఇతర పట్టణాలలోనూ స్త్రీ సమాజాల ఏర్పాటుకు కృషి చేసింది. అదే సంవత్సరం సత్తిరాజు సీతారామయ్య ప్రారంభించిన ‘హిందూ సుందరి’ పత్రికకు స్త్రీలే సంపాదకులయ్యారు. అచ్చమాంబ కథ ‘ధనత్రయోదశి’ 1902లో ఆ పత్రికలోనే వచ్చింది. పేదరికంలో తప్పుదారి పట్టబోయిన భర్తను భార్య నిలువరించడం అందులోని ఇతివృత్తం. ఇంట్లో ఒంటరిగా చదివిన పాఠకురాలు పత్రిక ద్వారా మరొక ఊరి రచయిత్రి పేరు తెలుసుకోగలిగింది, తానూ రాసి పంపగలిగింది. సమాజంలో ఎదురెదురుగా కూర్చొని మాట్లాడగలిగింది.

ఈ సంప్రదాయం తరువాతి తరంలో మరింత ఆత్మీయ రూపం పొందింది. కె.ఎన్. కేసరి 1928లో స్థాపించిన ‘గృహలక్ష్మి’లో కనుపర్తి వరలక్ష్మమ్మ ‘శారద లేఖలు’ను స్నేహితురాలికి రాసిన ఉత్తరాలుగా నడిపింది. ఉత్తరం తనకే వచ్చినట్లు ప్రతి పాఠకురాలూ చదువుకునే వీలు ఆ రూపంలోనే ఉంది.

ఈ తోడుకున్న హద్దులు:

ఈ కృషిని అంచనా వేసేటప్పుడు దాని హద్దులను విస్మరించరాదు. అచ్చు పుస్తకం, పత్రికా చందా, సమాజానికి వెళ్లే తీరిక ఉన్న స్త్రీలు ప్రధానంగా అగ్రవర్ణ కుటుంబాలవారు. పొలంలోనూ, ఇతరుల ఇళ్లలోనూ పనిచేసే స్త్రీ ఈ పాఠక సమూహంలో లేదు. చదువుకున్న స్త్రీల మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు. వితంతు వివాహం వంటి విషయాలలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ వంటివారి దృక్పథం వేరు. అయినా విభేదించడానికి ఎదుట మరొక స్త్రీ ఉండడం ఒంటరితనం తొలగిందనడానికి మరొక గుర్తే.

ముగింపు:

అచ్చమాంబ 1905లో, 30 ఏళ్ల వయసులో మరణించింది. రత్నమాల ప్రణాళిక పూర్తి కాలేదు. ఇతరులను మరుపు నుంచి వెలికితీసిన రచయిత్రి తానే చాలాకాలం మరుపున పడింది. 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ తొలి తెలుగు కథగా స్థిరపడిన చరిత్రలో, అంతకు ముందే వెలువడిన ఆమె కథలకు దశాబ్దాలపాటు చోటు దక్కలేదు. స్త్రీవాద పరిశోధకుల కృషితో ఆమె పేరు మళ్లీ చర్చలోకి వచ్చింది. ఆమె మొదలుపెట్టిన పద్ధతినే, అంటే మరుగునపడిన స్త్రీని వెదికి వరుసలో నిలపడాన్ని, వారు ఆమె విషయంలో పాటించారు. పుస్తకం పాఠకురాలికి తోడైనట్లే, పుస్తకానికీ కాలంలో తోడు నిలిచే పాఠకులు కావాలి. ఆ తోడు తప్పినప్పుడు రచయితతోపాటు, ఆమె చేరదీసిన వారందరూ మళ్లీ ఒంటరులవుతారు. సాహిత్య చరిత్ర రచనకు ఉన్న బాధ్యత ఇక్కడే స్పష్టమవుతుంది.