గది ధ్వనికి లెక్క దొరికిన వైనం

ఉపోద్ఘాతం

పాఠాలు చదివి రికార్డు చేయడానికి మీరు ఇంట్లో ఒక గదిని సిద్ధం చేసుకుంటున్నారనుకోండి. ఖాళీ గదిలో చప్పట్లు కొడితే ఆ శబ్దం వెంటనే ఆగదు. గోడలకు, పైకప్పుకు తగిలి మళ్ళీమళ్ళీ పరావర్తనం చెందుతూ క్రమంగా అణగిపోతుంది. దీనినే ప్రతినాదం అంటారు. దీనిని తగ్గించడానికి ఏ వస్తువు, ఎంత పరిమాణంలో కావాలి? 19వ శతాబ్దం చివరి వరకు ఈ ప్రశ్నకు అంకెలలో సమాధానం లేదు. అది ఎలా లభించిందో, మీ చిన్న గదికి ఎంతవరకు వర్తిస్తుందో ఈ భాగంలో తెలుసుకుందాం.

ఫాగ్ ఉపన్యాసశాల

1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ కళా మ్యూజియం ప్రారంభమైంది. అందులోని ఉపన్యాసశాలలో అధ్యాపకుల మాటలు విద్యార్థులకు అర్థమయ్యేవి కావు. పలికిన మాట సుమారు ఐదున్నర సెకన్ల పాటు వినిపిస్తూ ఉండటంతో తరువాతి మాటలు అందులో కలిసిపోయేవి. ఈ లోపాన్ని సరిచేయమని విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడు వాలెస్ సాబిన్‌ను కోరాడు.

సాబిన్ వాడినవి ఒక ఆర్గాన్ గొట్టం, కాలాన్ని కొలిచే సాధనం, తన చెవి మాత్రమే. వీధి సందడి అణగిన తరువాత రాత్రివేళ ప్రయోగాలు చేసేవాడు. శాండర్స్ థియేటర్ నుండి కుర్చీల కుషన్లు తెప్పించి, వాటి సంఖ్యను కొద్దికొద్దిగా పెంచాడు. గొట్టం ఆగిన క్షణం నుండి శబ్దం వినిపించకుండా పోయే వరకు పట్టిన కాలాన్ని ప్రతిసారీ నమోదు చేశాడు. కుషన్లతో గది నిండేసరికి ఆ కాలం ఒక సెకనుకు కొంచెం పైకి దిగింది. తెరిచిన కిటికీని చేరిన ధ్వని తిరిగి రాదు కనుక, దానిని ప్రమాణంగా తీసుకుని వస్తువుల శోషణను పోల్చాడు.

సూత్రం, దాని ఫలితం

1898 నాటికి సాబిన్ ఈ సంబంధాన్ని గుర్తించాడు. ధ్వని తీవ్రత పదిలక్షో వంతుకు తగ్గడానికి పట్టే సమయమే ప్రతినాద కాలం.

ప్రతినాద కాలం (సెకన్లు) = 0.161 × గది ఘనపరిమాణం (ఘ.మీ.) ÷ మొత్తం శోషణ (చ.మీ.)

1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలు నిర్మాణంలో సాబిన్ లెక్కలను ఉపయోగించారు. అది నేటికీ ప్రపంచంలోని ఉత్తమ సంగీతశాలల్లో ఒకటిగా పేరు పొందింది.

అయితే శోషణ పెంచితే చాలదని రేడియో స్టూడియోల అనుభవం తెలిపింది. 1923లో లండన్‌లోని సావోయ్ హిల్‌లో బీబీసీ తన స్టూడియోలకు బరువైన తెరలు దట్టంగా కట్టింది. తెరలు హెచ్చు స్వరాలను ఎక్కువగా, మంద్ర స్వరాలను తక్కువగా శోషిస్తాయి. అందువల్ల అలాంటి గదిలో ధ్వని జీవం లేనట్లు వినిపిస్తుంది.

మీ గదికి అన్వయం

4 మీ. పొడవు, 3 మీ. వెడల్పు, 3 మీ. ఎత్తు గల గది ఘనపరిమాణం 36 ఘ.మీ. మొత్తం శోషణ 3 చ.మీ. అయితే ప్రతినాద కాలం సుమారు 1.9 సెకన్లు. దానిని 0.3 సెకన్లకు తగ్గించాలంటే దాదాపు 19 చ.మీ. శోషణ కావాలి. ఒకటి రెండు దుప్పట్లు ఎందుకు చాలవో దీనివల్ల తెలుస్తుంది.

ఇక్కడ మూడు విషయాలు గమనించండి. మొదటిది, ఈ సూత్రం పెద్ద శాలలకు బాగా సరిపోతుంది. చిన్న గదిలో మంద్ర స్వరాలు కొన్నిచోట్ల పెరిగి, కొన్నిచోట్ల తగ్గుతాయి. వాటికి మూలల్లో మందమైన గాజు ఉన్ని వంటి పదార్థం అవసరం. రెండవది, గోడకు అంటించే పలుచని గుడ్ల అట్టలు మంద్ర స్వరాలను దాదాపు శోషించవు. మూడవది, మెత్తని వస్తువులు గదిలోని ప్రతినాదాన్ని తగ్గిస్తాయే గాని వీధి శబ్దాన్ని ఆపలేవు. దానికి బరువైన గోడలు, సందులు లేని తలుపులు కావాలి. ఈ తేడా తెలియకపోతే డబ్బు వృథా అవుతుంది.

సారాంశం

గది ధ్వని అదృష్టం మీద ఆధారపడినది కాదని, దానిని కొలవవచ్చని సాబిన్ నిరూపించాడు. కాబట్టి ఏదైనా కొనే ముందు మీ గదిని కొలిచి, లెక్క వేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సాబిన్ తెరిచిన కిటికీని ప్రమాణంగా ఎందుకు తీసుకున్నాడు?
2. మీ గది ఘనపరిమాణం కనుగొని, 0.4 సెకన్ల ప్రతినాద కాలానికి కావలసిన మొత్తం శోషణను లెక్కించండి.