పండు ఎవరిది? ఇంగ్లండ్‌లో అడవి బ్లాక్‌బెర్రీ సేకరణ: ఆచారం, అవసరం, చట్టం

వ్యాససంగ్రహం:
ఎవరూ నాటని పొదకు కాసిన పండుపై హక్కు ఎవరిదన్న ప్రశ్నకు ఇంగ్లండ్ గ్రామీణ చరిత్ర వేర్వేరు కాలాల్లో వేర్వేరు సమాధానాలు ఇచ్చింది. బ్లాక్‌బెర్రీ సేకరణ ఒక కాలంలో పేదల ఆసరాగా, ఒక కాలంలో బడి ఎగవేతగా, మరొక కాలంలో దేశసేవగా పరిగణన పొందింది. 1968 నాటి చట్టం వంటింటి కోసం కోసుకోవడాన్ని దొంగతనం పరిధి నుండి తప్పించి, అమ్మకం కోసం కోయడాన్ని అందులోనే ఉంచింది. ఈ పరిణామాన్ని పరిశీలించి, అదే ప్రశ్నకు తెలుగు నేలపై అటవీ చట్టాలు ఇచ్చిన సమాధానంతో పోల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బ్లాక్‌బెర్రీ, ఉమ్మడి భూములు, జీవకంచెలు, పరిగె, అటవీ ఫలసాయం, సేకరణ హక్కు.

1. ఉపోద్ఘాతం:
బ్లాక్‌బెర్రీ గులాబీ కుటుంబానికి చెందిన ముళ్ళపొద. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని ‘రూబస్ ఫ్రూటికోసస్’ అనే సామూహిక నామంతో వ్యవహరిస్తారు. ఒక్క బ్రిటన్‌లోనే దీనికి 300కు పైగా సూక్ష్మజాతులను గుర్తించారు. మొదటి ఏడు కాడ సాగి, రెండవ ఏడు పూసి కాస్తుంది. వంగిన కాడ కొన నేలను తాకినచోట కొత్తగా వేరు పడుతుంది. గింజలను పక్షులు దూరాలకు చేరుస్తాయి. కనుక నాటే చేయి లేకుండానే ఈ పొద గట్ల మీద, డొంకదారుల పక్కన, బీడు భూములలో అల్లుకుపోతుంది.

ఈ పండుతో మనిషికి గల సంబంధం వ్యవసాయ చరిత్రంత పాతది. డెన్మార్క్‌లోని హారల్డ్‌స్కేర్ వద్ద 1835లో బురదనేలలో బయటపడిన స్త్రీ దేహం క్రీ.పూ. 5వ శతాబ్దానిదని తర్వాతి పరీక్షలు తేల్చాయి. ఆమె కడుపులో చిరుధాన్యంతో పాటు బ్లాక్‌బెర్రీల ఆనవాళ్ళు కనిపించాయి. పండించిన గింజ, ఏరుకొన్న పండు ఒకే భోజనంలో కలిసిన తీరుకు అది సాక్ష్యం.

2. వినియోగం, విశ్వాసం:
ఇంగ్లండ్‌లో పండు ఆగస్టు చివర నుండి సెప్టెంబరు వరకు కోతకు వస్తుంది. ఆకుపచ్చ నుండి ఎరుపుకు, ఎరుపు నుండి నలుపుకు మారి, తాకగానే తొడిమ నుండి ఊడివచ్చినదే పక్వమైన పండు. కోసిన పండు రెండు రోజులు నిలవడం కష్టం కనుక దానిని నిలవచేసే పద్ధతులు ముఖ్యమయ్యాయి. బాగా పండిన బ్లాక్‌బెర్రీలో పాకాన్ని గడ్డకట్టించే పెక్టిన్ తక్కువ. అందువల్ల అదే ఋతువులో వచ్చే పుల్లని ఆపిల్‌ను చేర్చి జామ్, జెల్లీ కాస్తారు. ఈ జంట రుచి కోసమే కాక అవసరం వల్ల కూడా ఏర్పడింది. పండుతో సారాయం, వెనిగర్ చేసేవారు. వగరు గల ఆకుల కషాయం అతిసారానికి ఇంటివైద్యం. పొడవాటి కాడలను చీల్చి ముళ్ళు తీసి, గడ్డితో అల్లే తేనెపెట్టెలను కట్టడానికి నారగా వాడేవారు.

కోతకు ఒక హద్దును జానపద విశ్వాసం నిర్ణయించింది. సెప్టెంబరు 29న వచ్చే మైకేల్మస్ పండుగ తర్వాత బ్లాక్‌బెర్రీ తినరాదని ఆచారం. స్వర్గం నుండి తోసివేయబడిన సైతాను ఆనాడు ఈ ముళ్ళపొదపై పడి, కోపంతో పండ్లను శపించాడని కథ. 1752లో పంచాంగం మారి పదకొండు రోజులు తొలగినందున, కొన్ని ప్రాంతాలలో ఈ గడువును అక్టోబరు 10 వరకు లెక్కించారు. చలి, వాన పెరిగేకొద్దీ పండు నీరుగారి బూజు పట్టడం నిజం. కథ ఆ అనుభవానికి గుర్తుంచుకోదగిన రూపమిచ్చింది.

3. కంచెలు మిగిల్చినది:
మధ్యయుగపు ఇంగ్లండ్‌లో పశువులను మేపుకోవడం, వంటచెరకు తెచ్చుకోవడం వంటి ఉమ్మడి హక్కులపై పేద కుటుంబాలు ఆధారపడేవి. 1217 నాటి అటవీ శాసనపత్రం ఇటువంటి కొన్ని హక్కులను గుర్తించింది. తర్వాతి శతాబ్దాలలో ఆ ఉమ్మడి భూములు వ్యక్తుల ఆస్తిగా మారాయి. 1604–1914 మధ్య పార్లమెంటు 5,200కు పైగా ఆవరణ చట్టాలను ఆమోదించింది. వాటి పరిధిలోకి వచ్చిన భూమి సుమారు 68 లక్షల ఎకరాలు, అంటే ఇంగ్లండ్ విస్తీర్ణంలో అయిదవ వంతుకు పైన. కోత ముగిసిన చేలో పరిగె ఏరుకోవడం కూడా న్యాయస్థానం దృష్టిలో హక్కు కాకుండాపోయింది. 1788 నాటి స్టీల్–హౌటన్ వ్యాజ్యంలో సాధారణ న్యాయం పరిగె హక్కును గుర్తించదని తీర్పు వచ్చింది.

అయితే విభజించిన పొలాల చుట్టూ యజమానులు నాటించిన ముళ్ళకంచెలే బ్లాక్‌బెర్రీకి నెలవులయ్యాయి. కంచెకు ఒకవైపు యజమాని పొలం ఉంటే, మరొకవైపు చాలాచోట్ల బాట ఉండేది. బాటవైపు వాలిన కొమ్మ పేదవారి చేతికి అందేది. ఉమ్మడి భూమిని మూసిన కంచె, తెలియకుండానే ఒక చిన్న ఉమ్మడి వనరును మిగిల్చింది.

4. బడి ఎగవేత నుండి దేశసేవకు:
1874లో చక్కెరపై సుంకం రద్దయింది. చక్కెర చవకై జామ్ కర్మాగారాలు విస్తరించాయి. గ్రామాల స్త్రీలు, పిల్లలు కోసిన పండ్లకు కొనుగోలుదారులు ఏర్పడ్డారు. 1880 చట్టం బడి హాజరును నిర్బంధం చేసింది. శరదృతువులో పిల్లలు బ్లాక్‌బెర్రీలకు వెళ్ళి బడికి రాలేదన్న ఫిర్యాదు గ్రామీణ పాఠశాలల దినచర్య పుస్తకాలలో తరచుగా కనిపిస్తుంది. కొన్ని నాణేల కోసం పిల్లవాడు చేసిన శ్రమ అక్కడ క్రమశిక్షణారాహిత్యంగా నమోదైంది.

మొదటి ప్రపంచయుద్ధం ఆ దృష్టిని తలకిందులు చేసింది. 1918 శరదృతువులో సైన్యానికి, నౌకాదళానికి జామ్ కావాలని ప్రభుత్వం పాఠశాలలను బ్లాక్‌బెర్రీ సేకరణకు ప్రోత్సహించింది. బడికి పూటసెలవు ఇచ్చి, ఉపాధ్యాయులే పిల్లలను కంచెల వెంట నడిపించారు. బడిలో తూచిన పండ్లు బుట్టలలో రైలెక్కి కర్మాగారాలకు చేరాయి. ఆ పుస్తకాలలోనే ఇప్పుడు పిల్లలు కోసిన పండ్ల బరువు గర్వంగా నమోదైంది. రెండవ ప్రపంచయుద్ధంలో, 1940 జనవరిలో చక్కెరకు రేషన్ వచ్చిన తర్వాత, మహిళా సంస్థల శాఖలకు ప్రభుత్వం ప్రత్యేకంగా చక్కెర కేటాయించింది. తోటలలో మిగిలిన పండ్లతో పాటు కంచెల బ్లాక్‌బెర్రీలు కూడా వారి జామ్ కేంద్రాలకు చేరాయి.

పొద మారలేదు, పండు మారలేదు, కోసే పిల్లలూ అదే కుటుంబాల వారు. మారినది అవసరం ఎవరిదన్నదే.

5. చట్టం గీసిన గీత:
సాధారణ న్యాయం ప్రకారం నేలను అంటిపెట్టుకొని ఉన్నది నేలలో భాగం. దొంగతనం కదిలే వస్తువుకే వర్తిస్తుంది. సాగుచేసిన ఫలసాయాన్ని ప్రత్యేక శాసనాలు కాపాడాయి కాని, అడవిగా పెరిగినది చాలావరకు వాటి వెలుపలే ఉండిపోయింది. తనంత తాను మొలిచిన పుట్టగొడుగులను కోయడం భూమికి నష్టం కలిగించిన నేరం కాదని 1887లో గార్డ్‌నర్–మాన్స్‌బ్రిడ్జ్ వ్యాజ్యంలో తీర్పు వచ్చింది.

ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తించే 1968 దొంగతనాల చట్టం 4(3) సెక్షన్ ఈ అవగాహనకు స్పష్టమైన రూపమిచ్చింది. అడవిగా పెరిగిన మొక్క నుండి పూలు, పండ్లు, ఆకులు కోయడం, అడవి పుట్టగొడుగులు ఏరడం దొంగతనం కాదు; కాని ప్రతిఫలానికో, అమ్మకానికో, ఇతర వ్యాపారానికో కోస్తే ఈ మినహాయింపు లేదు. ఇది పండుపై యాజమాన్యం ఇచ్చే నిబంధన కాదు, కోసినవారిని దొంగ అనరాదనే రక్షణ మాత్రమే. యజమాని అనుమతి లేకుండా మొక్కను పెకలించడాన్ని 1981 నాటి వన్యప్రాణి, గ్రామీణ ప్రాంతాల చట్టం నేరంగా పేర్కొంది.

వ్యాపారులు పొదలను ఊడ్చుకుపోకుండా ఆపడానికి ఈ గీత ఉపకరిస్తుంది. కాని ఆదివారం షికారుకు వచ్చి జామ్ కోసం బుట్ట నింపుకొనే కుటుంబానికి దక్కిన రక్షణ, ఆ బుట్టను అమ్మి రొట్టె కొనుక్కొనే వ్యక్తికి దక్కదు.

6. తెలుగు నేలపై అదే ప్రశ్న:
అదే సామ్రాజ్యం తన పాలనలోని అడవులకు వేరొక నీతిని వర్తింపజేసింది. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవులలో అనుమతిలేని సేకరణను శిక్షార్హం చేసింది. 1927 భారత అటవీ చట్టం అడవిలో దొరికే పూలను, పండ్లను సైతం ‘అటవీ ఉత్పత్తి’గా నిర్వచించింది, ఇప్పపువ్వును పేరుతో సహా చేర్చింది. ఇక్కడ వంటింటికి, అంగడికి మధ్య గీత కూడా లేదు. హక్కు స్థానంలో అనుమతి వచ్చింది. అడవిలో పశువుల మేతపై విధించిన పుల్లరిని ఎదిరించిన పల్నాడు ఉద్యమం, 1922లో కన్నెగంటి హనుమంతు బలిదానం ఈ వ్యవస్థపై వచ్చిన ప్రతిఘటనలో భాగాలే.

2006 అటవీ హక్కుల చట్టం ఈ స్థితిని మార్చింది. సంప్రదాయంగా సేకరిస్తున్న చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యాన్ని, సేకరించి వాడుకొనే, విక్రయించే హక్కును 3(1)(సి) సెక్షన్ అటవీవాసులకు గుర్తించింది. జీవనోపాధిని రక్షణ వెలుపల ఉంచిన ఆంగ్ల చట్టానికి భిన్నంగా, ఇది జీవనోపాధినే హక్కుకు పునాదిగా తీసుకొంది.

7. ముగింపు:
బ్లాక్‌బెర్రీ చరిత్ర ఒక పండు చరిత్ర మాత్రమే కాదు. కంచె కట్టినప్పుడు, బడి తెరిచినప్పుడు, యుద్ధం వచ్చినప్పుడు, శాసనం రాసినప్పుడు సమాజం ఎవరి ఆకలిని గుర్తించిందో, ఎవరి ఆకలిని నేరంగా చూసిందో అది చెబుతుంది. వినోదంగా ఏరుకొనే చేతిని క్షమించడం ఏ చట్టానికైనా సులభం. బతుకుతెరువుగా ఏరుకొనే చేతికి ఇచ్చే స్థానమే, ప్రకృతి ఫలసాయంపై ఆ సమాజపు న్యాయదృష్టికి అసలైన కొలమానం.